మామగారి చెక్క, అల్లుడి కత్తి

పాదరసాన్ని పళ్లెంలో పోసి, కాస్త కుదురుగా కూర్చోవమ్మా అంటే కూర్చుంటుందా? చిన్నల్లుడూ అంతే. అందుకే అతనికి ఆ పేరు పడింది. పాదరసం నిద్రపోతున్నప్పుడు కూడా అతని కాళ్లు లేచి వీధి చివరిదాకా వెళ్లి వస్తాయని, పొద్దున మంచం కింద చెప్పులు చూస్తే కొత్త దుమ్ము కనిపిస్తుందని అతని భార్య చెప్పేది. ఆమె అబద్ధాలాడే మనిషి కాదు. వాళ్ల నాన్న కూతురు, అంతే.

ఆ నాన్న, అంటే మామగారు, ఒక పెద్ద ఆఫీసు భవనంలో మెట్ల కింద భోజనశాల నడిపేవాడు. పైన జనం దిగుతుంటే కింద గిన్నెలు మోగేవి. కప్పు మెట్లతో పాటే ఏటవాలుగా దిగుతుంది కాబట్టి పొయ్యి దగ్గర నిటారుగా నిలబడవచ్చు కానీ, గిన్నెలు తోమే మూలకు వచ్చేసరికి ఎంతటి మొనగాడైనా తల వంచాల్సిందే. పొయ్యికీ ఆ మూలకీ మధ్య, గోడవారగా, కూరలు తరిగే చెక్క. నాలుగు వేళ్ల మందం, ఇద్దరు పట్టి ఎత్తాల్సినంత బరువు. భోజనశాల కన్నా చెక్కే పాతది. చెక్క దొరికాక, దాన్ని పెట్టుకోవడానికి చోటు కావాలని మామగారు భోజనశాల పెట్టాడని కూడా ఒక కథ ఉంది.

కథలకేం, మామగారి దగ్గర కూరలకన్నా కథలే ఎక్కువ. ఆయన చేతిలోది జపాన్ కూరల కత్తి. ఆ రకం కత్తికి మొన ఉండదు, ముక్కు మొద్దు. అంచు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది, ఆ అంచునే రెండు పక్కల నుంచీ సానపడతారు. పొడవడానికీ గుచ్చడానికీ పనికిరాదు, పైనుంచి కిందికి దిగడానికే పుట్టింది. ఎవరో ఓడ వంటవాడు ఉల్లిపాయలు తరిగే పందెంలో ఓడిపోయి దాన్ని తనకిచ్చాడని మామగారు చెప్పేవాడు.

"ఏడంగుళాలు! కొత్తలో ఇంకా పొడుగుండేది. ఒకసారి క్యాబేజీ మీద వేస్తే క్యాబేజీ తెగింది, బల్ల తెగింది, కింది అంతస్తు వాళ్లొచ్చి గొడవ పెట్టుకున్నారు."

"కింద అంతస్తెక్కడుంది మామయ్యగారూ?" అని ఎవరైనా అంటే, "అప్పటినుంచే లేదు" అనేవాడు.

అలాంటి మనిషికి భుజం పట్టేసింది. మోచేయి ఆడుతుంది గానీ చెయ్యి పైకి లేవదు. అటుపైన ఆయన గోడకు ఆనించిన స్టూలు మీద కూర్చుని చెప్పడమే, తరగడం చిన్నల్లుడి వంతు.

చిత్రం ఏమిటంటే, చెక్క ముందు నిలబడగానే పాదరసం కాళ్లు నోరు మూసుకున్నాయి. అంతకు ముందు ఏ పనిలో పెట్టినా వారం తిరిగేసరికి వాటికి దురద పుట్టేది. ఇక్కడ చేతులు టకటకా పరుగెత్తుతుంటే కాళ్లు చూస్తూ నిలబడ్డాయి. పుట్టి బుద్ధెరిగాక తనలో ఒక చోట నిశ్శబ్దం వినడం అతనికి అదే మొదలు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే పోతుందేమోనని భయం.

కానీ మామగారి కత్తి అతనికి కుదరలేదు. ఏళ్ల తరబడి సానరాయి మీద అరిగి అరిగి, అరచేతి వెడల్పుండాల్సిన కత్తి రెండు వేళ్ల వెడల్పుకు దిగింది. పాదరసానివి పారల్లాంటి చేతులు. కత్తి చెక్కను తాకేలోగా అతని వేళ్ల కణుపులే ముందు వెళ్లి టంగుమని తగిలేవి. పూటకో కణుపు చిట్లేది. ముక్కలు ఒకటి రూపాయి బిళ్లంత, ఒకటి తలుపు గడియంత.

పెద్దల్లుడు దీన్ని కనిపెడుతూనే ఉన్నాడు. బల్లల దగ్గర వడ్డనా, వచ్చినవాళ్లతో కబుర్లూ అతనివి. నోట్లో బెల్లం, మనసులో లెక్క. ఒక పొద్దున ఫలహారాలయ్యాక, తువ్వాలు భుజాన వేసుకుని వంటగదిలోకి వచ్చాడు.

"మామయ్యగారూ, రేపు పొద్దున సంచులవాడు వస్తున్నాడు. తరిగిన కూరలు సంచుల్లో కట్టి గుమ్మంలో పెడతాడు. కడగడం లేదు, తరగడం లేదు. ఈ చెక్క తీసేస్తే ఇక్కడ ఇంకో బల్ల పడుతుంది. తమ్ముడికి కూడా మంచి చోటు చూశాను. కార్లు నిలిపే చోట అద్దాల గది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుర్చీలో కూర్చోవడం, చీటీ ఇవ్వడం. లేవక్కర్లేదు."

లేవక్కర్లేదు అన్న మాటకు పాదరసం అరికాళ్లు చల్లబడ్డాయి. గాజు సీసాలో తేలు ఎలా తిరుగుతుందో అతను చిన్నప్పుడు చూశాడు.

"నాకు నా చేతికి సరిపోయే కత్తి ఒక్కటుంటే చాలు అన్నయ్యా!"

"ఏడాదిగా ఆ మాటే వింటున్నాం తమ్ముడూ. సూప్‌లో తేలే నీ క్యారెట్లు చూసి నిన్న ఒకాయన, ఇవి తినాలా, ఎక్కి ఒడ్డుకు పోవాలా అని అడిగాడు."

మామగారు అటు పెద్దల్లుణ్ని, ఇటు చిన్నల్లుణ్ని చూశాడు. "సరే. సాయంత్రం భోజనాల లోపల నీ చేతికి కుదిరిన కత్తి తెచ్చుకుని, ఈ చెక్క మీద తరిగి చూపించు అల్లుడూ. చూపిస్తే సంచులవాడికి గుమ్మంలోంచే దండం. చూపించలేకపోతే నువ్వు అద్దాల గదిలోకి, చెక్క చలిమంటలోకి."

మాట పూర్తయ్యేసరికి పాదరసం వీధిలో ఉన్నాడు. చెప్పులు మాత్రం వంటగదిలోనే ఉన్నాయి. వాటికోసం మళ్లీ వచ్చాడు.

కత్తుల కొట్టు రెండు వీధుల అవతల. కొట్టులో ఒక పెద్దావిడ, ముక్కు చివర కళ్లద్దాలు. సొరుగు లాగితే మెత్తటి గుడ్డ మీద జపాన్ కూరల కత్తులు పొడవుల వరసన పడుకుని ఉన్నాయి.

"ఏ పొడవు కావాలి నాయనా?"

"సరైనది."

"సరైనదని ఒకటుంటే ఇన్నెందుకు పెట్టుకుంటాను? ఏం తరుగుతావు, ఎంత తరుగుతావు, చెయ్యి ఏదీ?" ఆవిడ అతని చేతిని గుర్రం డెక్కలా తిప్పి చూసింది. "ఐదంగుళాల లోపు ఒంటిమనిషి వంటకి. ఆరు, చిన్న చేతికి. ఆరున్నర, నూటికి తొంభైమందికి. ఏడు, రోజూ క్యాబేజీ కొండలు తరిగేవాడికి. ఆపైన పొడుగువి క్యాబేజీతో పాతకక్షలున్నవాళ్లకి. కాస్త కూర్చో."

"నిలబడతాను."

నిలబడటం అంటే ఏమిటి, గుమ్మం దగ్గరికీ సొరుగు దగ్గరికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఆవిడ కొట్టులోని చెక్క మీద సగం క్యాబేజీ పెట్టి ఆరున్నర చేతికిచ్చింది. గంట కొట్టినట్టు తెగింది. ఏడు ఇచ్చింది. అదీ తెగింది. ఆరున్నర అతని చేతిలో ఒదిగి కూర్చుంది. ఏడంగుళాలది కాస్త ముందుకు లాగుతోంది. కానీ మామగారిది ఏడంగుళాలు. మామగారికి ఏడైతే అల్లుడికి ఆరున్నరా?

"ఏడే ఇవ్వండి."

"చెయ్యి ఆరున్నర అంటోంది, నోరు ఏడంటోంది. సరే, నోటికే ఇస్తాను. కుదరకపోతే కడిగి తుడిచి తీసుకురా."

భోజనశాలకు వచ్చి, కీరదోసకాయ చెక్క మధ్యలో పెట్టి టకటకటకా దించాడు. చప్పుడు అద్భుతం. భార్య పొయ్యి దగ్గర నుంచి మెడ తిప్పి చూసింది. పాదరసం గర్వంగా కీరా ముక్కల్ని ఎత్తబోయాడు. ముక్కలన్నీ ఒకదాని వెంట ఒకటి లేచి వచ్చాయి. ఏ ముక్కా పూర్తిగా తెగలేదు. అడుగున చర్మం పట్టుకుని దండలా వేలాడుతున్నాయి.

పెద్దల్లుడు ఆ దండ అందుకుని మెడ దగ్గర పెట్టుకున్నాడు. "ఇంత మర్యాద ఎందుకు తమ్ముడూ? శాలువా కూడా ఉందా?"

"కత్తి పొడుగైంది. ఏడు నాకు ఎక్కువ. అక్కడ బాగానే తెగింది!"

"ఆడలేక మద్దెల ఓడన్నాడట," అన్నాడు మామగారు స్టూలు మీంచి.

పాదరసం మళ్లీ పరుగు. ఈసారి చెప్పులు వేసుకున్నాడు, రెండు జతల్లోంచి ఒక్కొక్కటి. కత్తులావిడ ఏడు వెనక్కి తీసుకుని ఆరున్నర చేతిలో పెట్టింది. తిరిగొచ్చి క్యారెట్ పెట్టాడు. టకటకటక. ఎత్తాడు. క్యారెట్ దండ. ఇదివరకటి దానికన్నా కొంచెం పొట్టి దండ, అంతే తేడా. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అని ఊరికే అన్నారా? ఇతనికి శని నోట్లోంచి చేతిలోకి దిగింది.

"అద్దాల గదిలో ఫ్యాన్ కూడా ఉందట," అని పెద్దల్లుడు గాలిలోకి అని వెళ్లిపోయాడు.

పాదరసం గుండె అరికాళ్లలో కొట్టుకుంటోంది. పొయ్యి చుట్టూ తిరిగాడు, నీళ్ల తొట్టి చుట్టూ తిరిగాడు, తిరిగిన చోటే తిరిగాడు. చివరికి భార్య గరిటె అడ్డం పెట్టింది.

"ఆగండీ, నాకే కళ్లు తిరుగుతున్నాయి. కొట్లో తెగిందా లేదా?"

"తెగింది."

"అదే చెయ్యి?"

"అదే చెయ్యి."

"అదే కత్తి?"

"అదే కత్తి."

"మరి అక్కడ ఏ చెక్క మీద తరిగారు?"

పాదరసం నోరు తెరిచాడు. మూయలేదు. మూసే లోపలే చెక్క నెత్తికెక్కింది. ఇద్దరు పట్టి ఎత్తాల్సిన చెక్కను ఒక్కడే ఎలా ఎత్తాడంటే ఏం చెప్పగలం? అద్దాల గది తరుముకొస్తుంటే మనిషికి బలం వస్తుంది. మామగారు అప్పుడే బయట ఎవరితోనో ఓడ వంటవాడి కథలో ఉన్నాడు, చూడలేదు. వీధిలో జనం తప్పుకున్నారు. ఒక ముసలాయన తలుపు వస్తోందనుకుని దాన్ని తట్టి, "లోపల ఎవరున్నారు?" అన్నాడట. చెక్క కింద నుంచి "నేనే" అని వినిపించిందట.

కత్తులావిడ చెక్కను తడిగుడ్డతో తుడిచి, ఉక్కు స్కేలును దాని మీద అడ్డంగా నిలబెట్టింది. "వంగి చూడు."

వంగి చూశాడు. స్కేలు రెండు చివర్లా చెక్కను ఆనుకుంది. మధ్యలో, స్కేలు కింద నుంచి, అవతలి కిటికీ వెలుతురు పలచటి నెలవంకలా కనిపించింది.

"మీ మామగారు ఎన్నేళ్లుగా తరుగుతున్నాడో గానీ, ఒకే చోట తరిగి తరిగి గుంట చేశాడు. ఈ కత్తి అంచు తిన్నగా ఉంది. తిన్నని కత్తి గుంట మీద వంతెనలా నిలబడుతుంది, అడుగుకి దిగదు. నీకు రెండే దార్లు. నాలుగున్నర అంగుళాలది తీసుకుంటే గుంటలోకి దిగుతుంది. కానీ జన్మంతా మామగారి గుంటలో కూర్చుని క్యాబేజీని నాలుగు విడతలుగా కొయ్యాలి. లేదా చెక్కని తిన్నగా చేయించు. అప్పుడు ఆరున్నరే నీ పొడవు. అయితే ఒక మాట విను నాయనా, మీ మామగారి కత్తి కూడా..."

వినడానికి అతను అక్కడుంటే కదా! నాలుగు కొట్ల అవతల వడ్రంగి ముందు చెక్క దింపుతున్నాడు.

వడ్రంగి చెక్కను ఒంటికన్నుతో చూసి చిత్రిక పట్టడం మొదలెట్టాడు. పొట్టు చుట్టలు చుట్టలుగా లేచింది. పాదరసం అతని చుట్టూ తిరుగుతూ, "గుంట పోతోందా? గుంట పోతోందా?" అని ప్రాణం తీశాడు.

"గుంటని ఎవడూ తియ్యలేడయ్యా," అన్నాడు వడ్రంగి విసుగ్గా. "చుట్టూ ఉన్న గట్టుని తీస్తాం. గట్టు గుంటదాకా దిగితే గుంట లేనట్టు కనిపిస్తుంది. కాస్త అటు తిరుగు, వెలుతురుకి అడ్డం."

సాయంత్రం భోజనాల చప్పుడు మొదలయ్యే ముందు చెక్క తిరిగి తన చోటికి వచ్చింది. మామగారు స్టూలు మీద ఉన్నాడు. పెద్దల్లుడు తువ్వాలుతో గుమ్మంలో ఉన్నాడు. పాదరసం క్యాబేజీ పెట్టాడు, ఆరున్నర తీశాడు.

ఆ చప్పుడు వేరు. వర్షం మొదట్లో రేకుల కప్పు మీద పడే చినుకుల్లా మొదలై, జడివానలా ముదిరి, ఠక్కున ఆగింది. క్యాబేజీ వెంట్రుకలై కుప్పపడింది. కీరా ముక్కలు దేనికది విడిపోయి దొర్లాయి. క్యారెట్లు, ముల్లంగి, ఉల్లిపాయలు. పెద్దల్లుడు ఒక ముక్కను వెలుతురుకు ఎత్తి చూశాడు, దాని అవతల పొయ్యి దగ్గరున్న మరదలి నవ్వు కనిపించింది. పాదరసం కాళ్లు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి.

"తప్పుకో అల్లుడూ," అన్నాడు మామగారు.

అందరూ తిరిగి చూశారు. ఆ చప్పుడు విని ముసలాయన కూర్చోలేకపోయాడు. భుజం లేవకపోయినా మోచేయి ఆడుతుంది కదా, తన పాత కత్తి తీసుకుని, చెక్క ముందుకు వచ్చి క్యారెట్ పెట్టాడు. చూడక్కర్లేదు ఆయనకు. ఎప్పుడు చూశాడు గనక. మెల్లగా, లయ తప్పకుండా చివరిదాకా దించాడు. క్యారెట్ ఎత్తాడు.

దండ వచ్చింది.

పైన మెట్ల మీద ఎవరో దిగిపోతున్నారు. కత్తులావిడ సగంలో ఆపిన మాట ఏమిటో పాదరసానికి అప్పుడు తెలిసింది. గుంటలో అరిగిన కత్తి గుంటకు తగ్గట్టే పొట్ట పెంచుకుంటుంది. తిన్నని చెక్క మీద ఆ పొట్ట ఒక్కటే ఆనుతుంది, రెండు చివర్లూ గాలిలో ఉంటాయి.

మామగారు కత్తి పక్కన పెట్టి అరచేత్తో చెక్కను తడిమాడు. ఆ చివర నుంచి ఈ చివరికి, మళ్లీ ఆ చివరికి. చీకట్లో కళ్లద్దాలు వెతుక్కున్నట్టు వెతికాడు.

"నా గుంటేదీ అల్లుడూ?"

"చిత్రిక పట్టించాను మామయ్యా."

"ఒక్క మాట అడగాలనిపించలేదా?"

"కాళ్లు ఆగలేదు."

పెద్దల్లుడు ఇదే అదననుకున్నాడు. "అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని ఊరికే అన్నారా? మీరు ఇన్నేళ్లు నిలబడ్డ చోటుని ఒక్క పూటలో గీకించి పారేశాడు మామయ్యగారూ. రేపు సంచులవాడికి ఏం చెప్పమంటారు?"

మామగారు ఏ కథా చెప్పలేదు. ఆయన కథ చెప్పకుండా ఉండటం ఆ వంటగది ఎన్నడూ ఎరగదు. పాదరసం అరికాళ్లు మండాయి. గుమ్మం దగ్గరే ఉంది, రెండడుగులు వేస్తే వీధి, వీధి దాటితే ఎటైనా పోవచ్చు. కదలకుండా నిలబడటం కన్నా అద్దాల గదే నయమనిపించింది. అయినా నిలబడ్డాడు. పళ్లు బిగించి, బొటనవేళ్లు నేలకి తొక్కిపెట్టి నిలబడ్డాడు. తర్వాత మామగారి చెయ్యి పట్టుకుని చెక్క మధ్యకు తీసుకెళ్లాడు.

"ఇక్కడ చూడు మామయ్యా. చుట్టూ తెల్లగా కొత్త చెక్క తేలింది కదా. ఈ మధ్యలో నల్లగా, ఎర్రగా ఉందే, నువ్వు తరిగిన బీట్‌రూట్ల మరక, ఇది పోలేదు. చిత్రిక దీన్ని ముట్టుకోలేదు. నీ గుంట అడుగు ఇదే. గట్లు దిగివచ్చాయి, అంతే. నేనిప్పుడు తరిగింది నీ అడుగు మీదే."

మామగారు వంగి ఆ మరకను చూశాడు. గోటితో గీకాడు. ఊడలేదు. చాలాసేపు దాని మీద చెయ్యి వేసి ఉంచాడు. తర్వాత ఆ చెయ్యే అల్లుడి వైపు చాపాడు.

"నీ కత్తి ఇటు తే."

ఆరున్నర తీసుకుని క్యారెట్ మీద వేశాడు. ముక్కలు విడివిడిగా పడ్డాయి. కానీ ఆయన చిన్న చేతిలో కత్తి ముక్కు అటూ ఇటూ ఊగింది.

"అరంగుళం ఎక్కువ."

"నీది ఏడంగుళాలు కదా మామయ్యా!"

"ఏడు నా మాట పొడవు. చేతికి ఎప్పుడూ ఆరే." ముసలాయన కత్తి తిరిగి ఇచ్చి పెద్దల్లుడి వైపు తిరిగాడు. "రేపు పొద్దున నేనూ వీడూ కత్తుల కొట్టుకి వెళ్తున్నాం. సంచులవాడొస్తే కాఫీ ఇచ్చి కబుర్లు చెప్పి పంపించు. కూర్చుని కబుర్లు చెప్పడం నీకు బాగా వచ్చు. ఆ అద్దాల గది కూడా ఇంకా ఖాళీగానే ఉందా, కనుక్కో."

"నాన్నా, భుజం?" అంది కూతురు పొయ్యి దగ్గర నుంచి.

"భుజంతో ఎవరు తరుగుతారే? అయినా నేను రోజుకో క్యారెట్. మిగతాది వీడు."

వారం తిరక్కముందే బల్లల దగ్గర కొత్త కథ వినిపించడం మొదలైంది. చిత్రిక పట్టించింది మామగారేనట. పొట్టు ఎంత పలచగా లేచిందంటే, గాలికి ఎగిరి ఎండకు అడ్డం వెళ్లి, మధ్యాహ్నం వీధి దీపాలు వెలిగించాల్సి వచ్చిందట. ఎవరైనా, "నిజమేనా?" అని వంటగదిలోకి తొంగి చూస్తే, చెక్కకు అటు పక్కన ఆరంగుళాల కత్తి ఒకటి, ఇటు పక్కన ఆరున్నర కత్తి ఒకటి కనిపించేవి. ఆరున్నర వెనకనున్న మనిషి తల ఎత్తకుండా, కాలు కదపకుండా, "మధ్యాహ్నమే, నేనే వెలిగించాను" అనేవాడు.